ముఖానికి సరిపడని మాస్కు... మూలనపడుతున్న యంత్రం
గురక వ్యాధి చికిత్సలో సరైన ఎంపికే కీలకమంటున్న వైద్య నిపుణులు

న్యూఢిల్లీ: నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే 'స్లీప్ అప్నియా' వ్యాధికి వేలాది రూపాయలు వెచ్చించి యంత్రం కొనుగోలు చేసిన రోగులలో పలువురు కొద్ది వారాలకే దానిని వాడడం మానివేస్తున్నారు. యంత్రం చెడిపోవడం ఇందుకు కారణం కాదు. ముఖానికి తొడుక్కునే మాస్కు సరిపడకపోవడమే ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటని నిద్ర సంబంధ వ్యాధుల నిపుణులు పేర్కొంటున్నారు. యంత్రం ఏ కంపెనీదన్న విషయమై రోజుల తరబడి విచారించే కుటుంబాలు, దానితో పాటు వచ్చే మాస్కు విషయంలో దుకాణదారు ఇచ్చినదే తీసుకుని సరిపెట్టుకుంటున్నాయి. అయితే చికిత్స కొనసాగేదీ, ఆగిపోయేదీ చాలా వరకు ఆ మాస్కు పైనే ఆధారపడి ఉండడం గమనార్హం.

ఈ వ్యాధి దేశంలో ఎంత విస్తృతంగా ఉన్నదీ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనం వల్ల స్పష్టమవుతోంది. అంతకుముందు వివిధ ప్రాంతాలలో జరిగిన సర్వేలను క్రోడీకరించి వారు వేసిన అంచనా ప్రకారం భారతీయ వయోజనులలో సుమారు 11 శాతం మందికి ఈ వ్యాధి ఉంది. పురుషులలో ఇది 13 శాతం కాగా, మహిళలలో 5 శాతం. పనిచేసే వయసులో ఉన్నవారినే లెక్కించినా బాధితుల సంఖ్య 10 కోట్లు దాటుతుందనీ, వారిలో 4 కోట్ల 70 లక్షల మందికి వ్యాధి ఒక మోస్తరు నుంచి తీవ్ర స్థాయిలో ఉందనీ ఆ అంచనా పేర్కొంది.

హిందీ చిత్రాలతో పాటు 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' వంటి తెలుగు చిత్రాలకు కూడా సంగీతం సమకూర్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించినప్పుడు, ఆయన స్లీప్ అప్నియాతోనూ, తరచూ తిరగబెట్టే ఛాతీ ఇన్ఫెక్షన్‌తోనూ బాధపడ్డారని చికిత్స చేసిన వైద్యులు తెలిపారు. అంతవరకు గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించిన అనేక మంది ఈ వ్యాధి పేరు వినడం అదే మొదటిసారి.

శ్వాస ఎందుకు ఆగుతుంది?

నిద్రలోకి జారుకున్నప్పుడు గొంతు చుట్టూ ఉండే కండరాలు సడలుతాయి. కొందరిలో నాలుక వెనుక భాగం, అంగిలి మెత్తని భాగం కలిసి శ్వాసమార్గాన్ని మూసివేస్తాయి. గాలి అందక రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. ప్రమాదాన్ని గుర్తించిన మెదడు నిద్ర నుంచి ఒక్క క్షణం లేపుతుంది. రోగి ఉక్కిరిబిక్కిరై, పెద్దగా గురక పెట్టి మళ్ళీ నిద్రపోతాడు. ఉదయానికి ఇదేమీ గుర్తుండదు. కనీసం 10 సెకన్లపాటు శ్వాస ఆగడం లేదా గణనీయంగా తగ్గడం గంటకు 5 సార్లు మించితే వ్యాధిగానూ, 15 దాటితే మోస్తరుగానూ, 30 దాటితే తీవ్రమైనదిగానూ పరిగణిస్తారు. పగటిపూట నిద్రమత్తు, ఉదయం తలనొప్పి, అదుపులోకి రాని రక్తపోటు దీని లక్షణాలు. వాహనం నడుపుతూ కునుకు తీసే డ్రైవర్ విషయంలో ఇది అతడి ఒక్కడి ప్రాణానికి సంబంధించిన సమస్య కాదు.

1980కి ముందు తీవ్రమైన కేసులలో గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చడం మినహా గట్టి మార్గం ఉండేది కాదు. ఆ ఏడాది జూన్‌లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో డాక్టర్ కాలిన్ సలివాన్ ఒక కొత్త ప్రయోగం చేశారు. ముక్కు ద్వారా నిరంతరాయంగా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపితే, ఆ గాలే లోపలి నుంచి శ్వాసమార్గాన్ని తెరచి ఉంచుతుందని ఆయన భావించారు. శస్త్రచికిత్స చేయించుకోవడానికి ఇష్టపడని ఒక రోగి దీనికి అంగీకరించాడు. ఫలితం ఆ రాత్రే కనిపించింది. ఐదుగురు రోగుల వివరాలతో 1981 ఏప్రిల్‌లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఈ విధానం ప్రచురితమైంది. నేడు 'సీపాప్' పేరిట ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది అదే విధానం.

తొలినాళ్ళలో కూడా అసలు చిక్కు మాస్కుతోనే వచ్చింది. ఒక్కొక్క రోగి ముక్కుకు అచ్చు తీసి, దానితో విడివిడిగా మాస్కు తయారుచేసి, ప్రతి రాత్రీ జిగురుతో ముఖానికి అంటించవలసి వచ్చేది. మెత్తని సిలికాన్ అంచు ఉన్న మాస్కులు రకరకాల సైజులలో రావడంతోనే ఈ చికిత్స సామాన్య గృహాలలోకి ప్రవేశించగలిగింది. అప్పట్లో రోగి ముఖానికి అనుగుణంగా మాస్కును మలచేవారు. ఇప్పుడు దుకాణంలోని మాస్కుకు అనుగుణంగా రోగి ముఖమే సర్దుకోవాలన్నట్టుగా అమ్మకాలు సాగుతుండడం విచారకరం.

మూడు రకాలు - మూడు అవసరాలు

ప్రస్తుతం మార్కెట్‌లో లభిస్తున్న మాస్కులు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ముక్కు మొత్తాన్ని కప్పే నేసల్ మాస్కు. రెండవది 'నేసల్ పిల్లోస్'. ఇందులో ముక్కుపై ఏమీ ఉండదు. రెండు చిన్న సిలికాన్ మెత్తలు నాసికా రంధ్రాల అంచున ఆనుకుని ఉంటాయి. మూడవది ముక్కునూ, నోటినీ కలిపి కప్పే ఫుల్‌ఫేస్ మాస్కు. ముక్కు రంధ్రాల కింద ఆనుతూ నోటిని కూడా కప్పే మిశ్రమ రకాలు ఇటీవలి కాలంలో వచ్చాయి.

నోరు తెరచి గురక పెట్టేవారికి ఫుల్‌ఫేస్ మాస్కే తప్పనిసరి అన్న అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. ఇది అన్నివేళలా నిజం కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలు, సాధారణంగా ముక్కు ద్వారా గాలి అందించే మాస్కులకే ప్రాధాన్యం ఇవ్వాలని సూచించాయి. ఫుల్‌ఫేస్ మాస్కు వాడేవారిలో గాలి లీకు ఎక్కువగా ఉంటుందనీ, అధిక ఒత్తిడి అవసరమవుతుందనీ, రోగులు దానిని వాడే సమయం కూడా తక్కువేననీ పలు అధ్యయనాలు తేల్చాయి. నోటితో శ్వాస తీసుకునేవారిలో చాలామంది గొంతు మూసుకుపోవడం వల్లనో, ముక్కు దిబ్బడ వల్లనో అలా చేస్తారు. ముక్కు నుంచి తగిన ఒత్తిడితో గాలి అందడం మొదలైతే వారిలో అనేకులకు నోరు దానంతటదే మూతపడుతుంది. అందువల్ల ముందుగా ముక్కు దిబ్బడకు చికిత్స చేయించుకుని, నేసల్ మాస్కుతో ప్రారంభించి, అది సాధ్యం కానప్పుడు మాత్రమే ఫుల్‌ఫేస్ మాస్కుకు వెళ్ళడం మంచిదని నిపుణుల సలహా. ముక్కులో శాశ్వతమైన అవరోధం ఉన్నవారికి, గడ్డం పట్టీ కట్టినా నోటి నుంచి గాలి పోతూనే ఉన్నవారికి ఫుల్‌ఫేస్ మాస్కు ఉపయోగకరమే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. తనంతట తాను మాస్కు తీసివేయలేని రోగికి, వాంతులు అయ్యే అవకాశం ఉన్నవారికి నోటిని కప్పే మాస్కు ప్రమాదకరం. వాంతి శ్వాసనాళంలోకి వెళ్ళే అవకాశం ఉంటుంది. పక్షవాతంతో చేతులు కదపలేని వృద్ధులున్న ఇళ్ళలో వైద్యుని సలహా లేకుండా దీనిని ఉపయోగించరాదు.

మీసం, ముక్కుపుడక, తలనూనె

విదేశీ కంపెనీల సైజు పట్టికలలో కానరాని కొన్ని అంశాలను మన రోగులు స్వయంగా చూసుకోవలసి ఉంటుంది. దట్టమైన మీసం, గడ్డం ఉన్నవారికి ముక్కునంతా కప్పే మాస్కు అంచు చర్మానికి ఆనక గాలి పోతుంది. వీరికి పిల్లోస్ రకం మేలు. ముక్కుపుడక ధరించే మహిళలకు నేసల్ మాస్కు అంచు పుడకపై ఒత్తి పుండు పడవచ్చు. లేదా అక్కడే గాలి లీకవుతుంది. రాత్రిపూట పుడక తీసివేయడం ఇష్టం లేనివారు ఆ విషయం ముందే చెప్పి, పుడకతోనే మాస్కును పరీక్షించుకోవాలి. కట్టుడు పళ్ళు తీసి నిద్రించే వృద్ధుల బుగ్గలు లోపలికి పోతాయి కనుక, పళ్ళు తీసిన తరువాతే కొలత తీసుకోవాలి.

తలకు, ముఖానికి నూనె రాసుకుని పడుకోవడం మన ఇళ్ళలో సాధారణం. నూనె జిడ్డు మాస్కును ముఖంపై జారేలా చేయడమే గాక, సిలికాన్ అంచును త్వరగా పాడుచేస్తుంది. మాస్కు తొడుక్కునే ముందు ముఖం కడుక్కోవడం, ఉదయం లేవగానే అంచును తడిబట్టతో తుడవడం అలవాటు చేసుకోవాలి. వారానికి ఒకసారి గోరువెచ్చని నీటిలో తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. స్పిరిట్, బ్లీచింగ్ వంటివి వాడకూడదు. ఎండలో పెట్టినా సిలికాన్ పెళుసుబారుతుంది.

పక్కకు తిరిగి పడుకునేవారికి నడినెత్తిన గొట్టం అమరే మాస్కు అనుకూలం. కళ్ళజోడు పెట్టుకుని చదివిన తరువాత నిద్రించే అలవాటున్నవారు నుదుటిపై ఆనిక లేని రకాన్ని ఎంచుకోవచ్చు. నాలుగు గోడల మధ్య బంధించినట్టు భయపడేవారికి పిల్లోస్ రకం ఊరటనిస్తుంది. అట్టివారు మొదట కొన్ని రోజులు పగటిపూట టీవీ చూస్తూనో, పేపరు చదువుతూనో కాసేపు మాస్కు ధరించి అలవాటు పడితే రాత్రి భయం తగ్గుతుంది.

పట్టీ బిగిస్తే తగ్గేది కాదు

గాలి లీకైనప్పుడు రోగులు చేసే మొదటి పని పట్టీలను మరింత బిగించడం. నిజానికి అత్యధిక మాస్కుల అంచు గాలి ఒత్తిడికి ఉబ్బి ముఖానికి అతుక్కునేలా తయారవుతుంది. అధికంగా బిగిస్తే ఆ అంచు ముడతపడి లీకు పెరుగుతుంది. ముక్కు దూలంపై పుండు ఏర్పడుతుంది. అద్దం ముందు నిలబడి మాస్కు సరిపోయిందని నిర్ణయించడం మరొక పొరపాటు. పడుకున్నప్పుడు బుగ్గల ఆకృతి మారుతుంది. అందువల్ల వెల్లకిలా పడుకుని, యంత్రాన్ని రోగికి వైద్యుడు నిర్ణయించిన ఒత్తిడిపై నడిపించి, రెండు పక్కలకూ తిరిగి చూసిన తరువాతే మాస్కు తీసుకోవాలి. సాధారణంగా ఈ యంత్రాలు 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన ఒత్తిడితో పనిచేస్తాయి. 6 వద్ద చక్కగా ఉన్న మాస్కు 14 వద్ద ఈల వేయవచ్చు.

కళ్ళలోకి గాలి కొట్టడం, ఉదయం నోరు ఎండిపోవడం, ముక్కుపై ఎర్రని గీతలు అరగంటకు కూడా పోకపోవడం మాస్కు సరిపోలేదనడానికి సంకేతాలు. ఆధునిక యంత్రాలలో గాలి లీకు ఎంతో రోజువారీ నమోదవుతుంది. ఆ వివరాలను నెలకొకసారి వైద్యునికి చూపించడం ఎంతో అవసరం.

ఈ జాగ్రత్తలన్నీ కేవలం సౌకర్యం కోసం కాదు. గుండెజబ్బు లేదా పక్షవాతం వచ్చి, స్లీప్ అప్నియా కూడా ఉన్న 2,717 మందిపై భారత్ సహా 7 దేశాలలో జరిగిన 'సేవ్' అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. సీపాప్ వల్ల పగటి నిద్రమత్తు తగ్గింది, మానసిక స్థితి మెరుగుపడింది. కానీ గుండెపోటు, పక్షవాతం వంటివి తిరిగి రావడం మాత్రం తగ్గలేదు. అందులో రోగులు యంత్రాన్ని వాడిన సమయం సగటున రాత్రికి 3.3 గంటలు మాత్రమే. రాత్రిలో సగానికి పైగా చికిత్స లేకుండానే గడిచిందన్నమాట. ఆశించిన ఫలితం రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చునని పలువురు నిపుణులు అభిప్రాయపడ్డారు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా 'మెడికేర్' ఈ యంత్రానికి చెల్లింపులు కొనసాగించాలంటే, వరుసగా 30 రోజుల వ్యవధిలో కనీసం 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలు తగ్గకుండా వాడినట్టు రుజువు కావాలి. ముఖం ఒరిపిడి పెట్టే మాస్కుతో ఆ 4 గంటలు కూడా దుర్లభమే.

కరెంటు పోతే ఏమిటి గతి?

దక్షిణాసియా దేశాలలో ఈ చికిత్సకు ఎదురవుతున్న ప్రత్యేక సమస్య విద్యుత్ కోత. 2012 జులై 31న ఉత్తర, తూర్పు భారతం చీకటిలో మునిగింది. 2022 మార్చి చివరలో శ్రీలంకలో రోజుకు 13 గంటల వరకు కోత విధించారు. అదే ఏడాది అక్టోబర్ 4న బంగ్లాదేశ్‌లో గ్రిడ్ విఫలమై దేశంలో అత్యధిక భాగానికి సరఫరా నిలిచిపోయింది. అంతటి సంక్షోభాలు అరుదైనా, అర్ధరాత్రి గంటసేపు కరెంటు పోవడం ఈ ప్రాంతంలో వింత కాదు.

యంత్రం ఆగినప్పుడు నేసల్ మాస్కు, పిల్లోస్ ధరించినవారు నోటితో గాలి పీల్చుకోగలరు. ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కులో మాత్రం ఊపిరాడకుండా పోకూడదనే ఉద్దేశంతో ప్రత్యేకమైన కవాటం అమరుస్తారు. గాలి ఒత్తిడి లేనప్పుడు అది తెరచుకుని బయటి గాలిని లోపలికి రానిస్తుంది. అది మురికితో బిగుసుకుపోకుండా చూసుకోవడం, ఫుల్‌ఫేస్ మాస్కు కొనేటప్పుడు ఆ కవాటం ఉన్నదో లేదో పరిశీలించడం తప్పనిసరి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కోత సమయంలో నీటిని వేడిచేసే తేమ పరికరాన్ని ఆపివేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

దీనితో ముడిపడిన మరొక ప్రమాదం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇంట్లో వాడే సీపాప్ మాస్కుపై విడిచిన గాలి బయటకు పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. ఆసుపత్రులలో కొన్ని రకాల వెంటిలేటర్లకు వాడే మాస్కులకు ఆ రంధ్రాలు ఉండవు. వీటికి గొట్టం కలిసే చోట తరచూ నీలిరంగు భాగం ఉంటుంది. చూడడానికి ఒకే విధంగా ఉండే ఈ మాస్కును ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంటి యంత్రానికి తగిలిస్తే, విడిచిన గాలినే రోగి మళ్ళీ పీల్చవలసి వస్తుంది. అది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. శబ్దం వస్తున్నదని ఆ రంధ్రాలకు టేపు అంటించడం కూడా అంతే ప్రమాదకరం.

అయస్కాంతాలతో జాగ్రత్త

కొన్ని మాస్కుల పట్టీలను సులువుగా తగిలించేందుకు అయస్కాంతపు బిళ్ళలు అమరుస్తున్నారు. వేళ్ళ నొప్పులున్న వృద్ధులకు ఇవి అనుకూలమే. అయితే శరీరంలో పేస్‌మేకర్ వంటి పరికరాలు ఉన్నవారికి ఇవి హాని చేయవచ్చు. ఈ కారణంగానే ఫిలిప్స్ సంస్థ 2022 సెప్టెంబర్‌లో అయస్కాంతాలున్న తన మాస్కుల విషయమై ప్రపంచవ్యాప్తంగా హెచ్చరిక జారీ చేసింది. రెస్‌మెడ్ సంస్థ కూడా 2023 నవంబర్‌లో ఇదే విధమైన హెచ్చరికను వెలువరించింది. రోగికే గాక, పక్కన నిద్రించే జీవిత భాగస్వామికి అటువంటి పరికరం ఉన్నా అయస్కాంతం లేని మాస్కునే తీసుకోవాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

మన దేశంలో ఈ చికిత్స వ్యయం ఎక్కువగా రోగి జేబు నుంచే పోతోంది. ఆరోగ్య బీమా కంపెనీలు ఇంటి వద్ద వాడే సీపాప్ యంత్రాలను సాధారణంగా చెల్లింపు లేని వస్తువుల జాబితాలో చేరుస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద, నిద్ర పరీక్ష నివేదిక ఆధారంగా ముందస్తు అనుమతితో యంత్రం ఖరీదు తిరిగి పొందే సౌకర్యం ఉంది. తక్కినవారిలో చాలామందికి అది లేదు. అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి వైద్య పరికరాలలో అత్యధిక భాగంపై జీఎస్టీ 5 శాతానికి తగ్గడం కొంత ఊరట.

యంత్రం చాలా ఏళ్ళపాటు పనిచేస్తుంది. మాస్కు అలా కాదు. దాని సిలికాన్ అంచు కొన్ని నెలలలోనే మెత్తబడి పట్టు కోల్పోతుంది. అమెరికాలో మెడికేర్ మాస్కు చట్రాన్ని 3 నెలలకొకసారి, తలపట్టీలను 6 నెలలకొకసారి మార్చుకోవడానికి అనుమతిస్తుంది. ఇక్కడ ఒకే మాస్కును ఏళ్ళ తరబడి వాడేవారు ఉన్నారు. పూర్తి మాస్కు కొనలేనివారు అంచును మాత్రం మార్చుకోవచ్చు. కాబట్టి కొనేముందే ఆ మాస్కుకు అంచు, పట్టీలు విడిగా దొరుకుతాయా, వాటి ధర ఎంత అన్నది అడిగి తెలుసుకోవాలి. చౌకగా వచ్చిన మాస్కుకు విడిభాగాలు దొరకకపోతే చివరకు అదే ఖరీదైనది అవుతుంది. ఇతరులు వాడిన మాస్కును తక్కువ ధరకు వస్తున్నదని తీసుకోవడం మంచిది కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అన్ని వైద్య పరికరాలూ ఔషధ నియంత్రణ చట్టం పరిధిలోకి వచ్చాయి. స్వల్ప ప్రమాద శ్రేణి పరికరాలకు 2022 అక్టోబర్ నుంచి, అధిక ప్రమాద శ్రేణి పరికరాలకు 2023 అక్టోబర్ నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. దిగుమతి చేసుకున్న పరికరం పెట్టెపై లైసెన్సు నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. అవి లేని సరుకు ఎంత చౌక అయినా వదలివేయడమే మేలు. పరికరం వల్ల హాని జరిగితే ఘజియాబాద్‌లోని భారత ఔషధ ప్రమాణాల సంఘం సమన్వయంతో 2015 నుంచి నడుస్తున్న వైద్య పరికరాల నిఘా కార్యక్రమానికి రోగులు కూడా తెలియజేయవచ్చు.

నిపుణులు చెబుతున్నదాని సారాంశం ఒక్కటే. దుకాణంలో కనీసం రెండు మూడు రకాలు ధరించి చూడనిదే మాస్కు తీసుకోరాదు. సరిపోకపోతే నిర్ణీత గడువులో మార్చి ఇస్తామన్న హామీని బిల్లుపై రాయించుకోవాలి. మొదటి రెండు వారాలలో ఇబ్బంది కలిగితే అది చికిత్స లోపమని భావించి యంత్రాన్ని అటకెక్కించకుండా, మాస్కు మార్చి చూడాలి. ఒక మాస్కు సరిపడనంత మాత్రాన ఈ వైద్యమే తనకు సరిపడదని నిర్ణయించుకున్న రోగికి, మంచం పక్కన ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా రాత్రి ఊపిరి మాత్రం ఎప్పటిలాగే ఆగుతూనే ఉంటుంది.